ఆటగాడి నోట "అరె!" అనిపించాలంటే: పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేమ్ తయారీకి సమగ్ర మార్గదర్శి

కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు. ఏమిటవి?

ఈ పొడుపు కథ తెలియని పిల్లవాడిని అడిగి చూడండి. ముందు వీధి తలుపు వైపు చూస్తాడు. తర్వాత కిటికీల వైపు, బీరువా వైపు. కాసేపు తల గోక్కుంటాడు. "కనురెప్పలు" అని చెప్పగానే ఒకసారి కళ్లు మూసి, తెరిచి, నవ్వేస్తాడు. జవాబు ఇంతసేపూ అతని ముఖం మీదే ఉంది. మనం ఏదీ దాచలేదు. తలుపు లక్షణం చెప్పాం, చప్పుడు లేదనీ చెప్పాం. కనుక్కోలేకపోయినా వాడికి కోపం రాదు, వెంటనే ఇంకొకటి అడగమంటాడు.

పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేమ్‌లో సరదా అంటే నా దృష్టిలో ఇదే. తెర మీద ఒక చోటు కనిపిస్తుంది. వస్తువుల మీద క్లిక్ చేస్తాం, మనుషులతో మాట్లాడతాం, దొరికినవి సంచిలో వేసుకుంటాం, ఒకదాన్ని ఇంకొకదానితో కలిపి చూస్తాం. తుపాకీ పేల్చే వేగం ఇక్కడ అక్కర్లేదు. చిక్కు విడిన క్షణంలో "అరె, ఇది నా కళ్ల ముందే ఉందిగా!" అనిపించాలి. బొమ్మలు ఎంత బాగున్నా, సంగీతం ఎంత బాగున్నా ఆ "అరె" లేకపోతే ఆట నిలబడదు. అలాంటి ఆటను చిన్నదైనా సరే, చక్కగా ఎలా తయారు చేయాలో అడుగడుగునా చెబుతాను.

అడుగు 1: ముందు ఆడండి, పక్కన నోటుబుక్కు పెట్టుకుని

కనీసం మూడు ఆటలు మొదటి నుంచి చివరి దాకా ఆడండి. స్కమ్‌విఎం అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పాత అడ్వెంచర్ గేమ్‌లను ఇప్పటి కంప్యూటర్ల మీద, ఫోన్ల మీద నడిపిస్తుంది. ఇంగ్లండ్‌కు చెందిన రెవల్యూషన్ సంస్థ 1994లో విడుదల చేసిన 'బినీత్ ఎ స్టీల్ స్కై'ని 2003లో ఉచితం చేశారు. దాన్ని స్కమ్‌విఎం సైటు నుంచే దించుకోవచ్చు. దానితో మొదలుపెట్టండి. రెండోది 1993 నాటి 'డే ఆఫ్ ది టెంటకిల్'. 2016లో కొత్త బొమ్మలతో మళ్లీ వచ్చింది. మూడోది చెక్ దేశపు అమానిటా డిజైన్ వాళ్లు 2009లో చేసిన 'మెషినేరియం'. అందులో మాటలు దాదాపు లేవు, పాత్రల తలల మీద తేలే బొమ్మలే కథ చెబుతాయి. అందుకే ఇంగ్లిష్ రాని ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఆడగలరు.

ఎక్కడ ఇరుక్కున్నారో, ఎంతసేపు ఇరుక్కున్నారో రాయండి. జవాబు తెలిశాక ఏమనిపించిందో పక్కనే రాయండి: "అరె!" అనా, "ఇదెలా తెలుస్తుంది?" అనా. ఎంతసేపు ఇరుక్కున్నాం అన్నదానికంటే ఈ రెండో సంగతే ముఖ్యం. గంటసేపు ఇరుక్కుని "అరె" అంటే ఆ చిక్కు బాగున్నట్టే. ఐదు నిమిషాల్లో విడిపోయినా "ఏదో క్లిక్ చేస్తే అయిపోయింది" అనిపిస్తే అది బాగాలేనట్టే.

అడుగు 2: ఒక చోటు, ఒక కోరిక

తొలి ఆటకు నాలుగైదు గదులు చాలు. రాజ్యాలు, గ్రహాలు వద్దు. ఆటగాడికి ఏం కావాలో మాత్రం మొదటి నిమిషంలోనే తెలిసిపోవాలి. 1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'లో కుర్రవాడు గైబ్రష్ వచ్చీ రాగానే తాను సముద్రపు దొంగ కావాలనుకుంటున్నానని చెప్పేస్తాడు. ఆ దీవిలో పెద్ద దొంగలు అతనికి మూడు పరీక్షలు పెడతారు: కత్తి యుద్ధం, దొంగతనం, నిధి వేట. అంతే. ఎక్కడ ఉన్నామో, ఎటు వెళ్లాలో ఆటగాడికి స్పష్టం. ఎలా చెయ్యాలన్నదే ప్రశ్న. "ఏం చెయ్యాలి?" అని తడుముకునేవాడికి విసుగు వస్తుంది, "ఎలా చెయ్యాలి?" అని ఆలోచించేవాడికి ఉత్సాహం వస్తుంది.

ఈ మార్గదర్శి పొడుగునా పట్టుకోవడానికి ఒక చిన్న ఆట అనుకుందాం. వేసవి సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చిన పన్నెండేళ్ల పిల్ల. అమ్మమ్మ నీళ్లు తోడుతుంటే బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి జారి బావిలో పడింది. బియ్యం, పప్పు, బెల్లం అన్నీ తాళం వేసిన కొట్టుగదిలో ఉన్నాయి. సాయంత్రానికి చుట్టాలు వస్తున్నారు. గుత్తి పైకి తీయాలి. పెరడు, గొడ్లచావిడి, వసారా, వంటిల్లు, పక్కింటి అరుగు: ఇవే మన గదులు.

అడుగు 3: చివరి నుంచి మొదటికి గీయండి

కథ ముందు నుంచి రాస్తాం, చిక్కులు మాత్రం వెనక నుంచి అల్లాలి. 'మేనియాక్ మాన్షన్', 'మంకీ ఐలాండ్' ఆటల రూపకర్త రాన్ గిల్బర్ట్ ఈ పని కోసం ఒక పటం గీసేవారు. ఏ పని జరగాలంటే ముందు ఏది జరగాలో చూపించే పటం అది. చేయి తిరిగినవాళ్లు ఇప్పటికీ ఇదే పద్ధతి వాడతారు. కాగితం, పెన్సిలు చాలు.

కాగితం అడుగున "కొట్టుగది తెరుచుకుంది" అని రాయండి. దానికి ఏం కావాలి? గుత్తి. గుత్తి పైకి రావాలంటే? బావిలో పడ్డ బిందెల్ని, చేదల్ని తీసే కొక్కేల గుత్తి, అంటే పాతాళ గరిగె కావాలి. దాన్ని దించడానికి తాడు కావాలి. బావి లోపల చీకటి కాబట్టి వెలుతురు కావాలి. ఒక్క పెట్టె నుంచి మూడు గీతలు పైకి వెళ్లాయి. ఇప్పుడు ఒక్కో గీత పట్టుకుని పైకి పోదాం.

గరిగె పక్కింటి మామ్మగారి దగ్గర ఉంది. "పోయినసారి పట్టుకెళ్లినవాళ్లు ఆర్నెల్లకు తెచ్చారే తల్లీ. ఏదైనా ఇత్తడి సామాను ఇక్కడ పెట్టి పట్టుకెళ్లు" అంటుంది. ఇత్తడి చెంబు వంటింట్లో ఉంది కానీ నిండా మజ్జిగ. పారబోయడానికి పిల్లకు మనసొప్పదు. వసారాలో తాతయ్య ఎండకు విసురుకుంటూ కూర్చున్నాడు. ఆయనకిస్తే తాగుతాడు, చెంబు ఖాళీ అవుతుంది. ఇది ఒక గీత.

తాడు వేపచెట్టుకు ఉయ్యాలగా కట్టి ఉంది. ముడి అందదు. నిచ్చెన గొడ్లచావిట్లో ఉంది. రెండో గీత.

వెలుతురు సంగతి తర్వాతి అడుగులో చెబుతాను, ఈ ఆటకు ప్రాణం అదే.

పటం గీశాక కొంచెం దూరం పెట్టి చూడండి. ఒకే గీత పై నుంచి కింద దాకా సన్నగా దిగితే ఆట ప్రమాదంలో ఉన్నట్టే. ఎందుకంటే ఒక్క చోట ఇరుక్కున్న ఆటగాడికి ఇంక చేసే పనేమీ ఉండదు, మూసేస్తాడు. మధ్యలో రెండు మూడు గీతలుగా విచ్చుకుని, మళ్లీ ఒకచోట కలవాలి. మామ్మగారి దగ్గర పని కాకపోతే ఉయ్యాల వైపు వెళ్తాడు. అక్కడ తిరుగుతుండగా చెంబు సంగతి తడుతుంది. మంకీ ఐలాండ్‌లో మూడు పరీక్షలూ ఏ వరుసలోనైనా చేయవచ్చు, కారణం ఇదే. అలాగని పది గీతలు ఒకేసారి తెరిస్తే కొత్తవాడు బెదిరిపోతాడు. తొలి ఆటలో ఒకేసారి మూడు మించనివ్వకండి.

అడుగు 4: జవాబు ముందే కళ్ల ముందు పెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

డే ఆఫ్ ది టెంటకిల్‌లో ముగ్గురు స్నేహితులు ఒకే భవనంలో మూడు కాలాల్లో ఇరుక్కుంటారు. ఒకరు ఇప్పటి కాలంలో, ఒకరు 200 ఏళ్లు వెనక, ఒకరు 200 ఏళ్లు ముందు. భవిష్యత్తులో ఉన్న అమ్మాయికి చలికి వణికే చిట్టెలుక కోసం చిన్న స్వెటర్ కావాలి. దొరికే స్వెటరేమో మనుషులది. జవాబేమిటంటే, ఇప్పటి కాలంలో ఉన్న కుర్రాడు ఆ స్వెటర్‌ను బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసి, దండిగా చిల్లర వేసి వదిలేస్తాడు. 200 ఏళ్లు తిరిగిన స్వెటర్ చిట్టెలుకకు సరిపోయేంత అవుతుంది. వినడానికి పిచ్చిగా ఉంది. కానీ ఉన్ని బట్ట వేడికి ముడుచుకుపోతుందని అందరికీ తెలుసు, ఈ ఇంట్లో ఒక కాలంలో చేసిన పని మరో కాలంలో కనిపిస్తుందని ఆట అప్పటికే నేర్పింది. ఈ రెండూ కలిస్తే జవాబు. కథా లోకం ఎంత వింతదైనా పర్వాలేదు, దాని తర్కం ఆటగాడికి ముందే తెలిసి ఉండాలి.

దీనికి ఎదురు ఉదాహరణ 1999లో వచ్చిన 'గాబ్రియెల్ నైట్ 3'లో ఉంది. కథానాయకుడు అద్దె మోటారు బండి కోసం స్నేహితుడి వేషం వేయాలి. అందుకు దొంగ మీసం కావాలి. కొట్టం తలుపు కంతకు టేపు అంటించి, పిల్లిని అందులోంచి పరుగెత్తించి, టేపుకు అంటుకున్న వెంట్రుకలను తేనెలాంటి పాకంతో మూతికి అతికించుకోవాలి. పైగా ఆ స్నేహితుడికి మీసమే లేదు! పాస్‌పోర్టు ఫొటో మీద కూడా మీసం గీయాలి. ఆ ఆట కథ, పాత్రలు ఎంతో బాగుంటాయి. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా జనం ముందుగా చెప్పుకునేది పిల్లి మీసం సంగతే. ఒక్క అన్యాయమైన చిక్కు ఇంత పని చేస్తుంది.

మన బావి దగ్గరికి వద్దాం. చీకటి బావిలోకి వెలుతురు ఎలా? ఊళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు, అద్దం పట్టి ఎండను బావిలోకి కొడతారు. నగరంలో పెరిగిన ఆటగాడికి ఇది తెలియకపోవచ్చు. అతనికి న్యాయం జరగాలంటే జవాబును ముందే, జవాబులా కనిపించకుండా చూపించాలి. ఆట మొదలవగానే పిల్ల వసారాలోకి వస్తుంది. తమ్ముడు చేతిలో చిన్న అద్దం పట్టుకుని ఎండను ఆమె కళ్లలోకి కొడతాడు. "ఒరేయ్, కళ్లు పోతాయి, ఆపరా!" అంటుంది. ఆ వెలుగు మచ్చ గోడ మీద, కుండల మీద గంతులేస్తూ ఉంటుంది. ఆటగాడు దాన్ని చిలిపి పని అనుకుని దాటిపోతాడు. అరగంట తర్వాత తాడుకు గరిగె కట్టి బావిలో దించితే కొక్కేలు ఖాళీగా వస్తాయి. "లోపల ఏం కనపడట్లేదు. ఊరికే వెతికితే ఎలా దొరుకుతుంది?" అంటుంది పిల్ల. అప్పుడు వెనక గోడ మీద ఆ వెలుగు మచ్చ మళ్లీ కదులుతుంది. అక్కడ వస్తుంది "అరె!"

మీ ప్రతి చిక్కునూ మూడు ప్రశ్నలతో పరీక్షించండి. జవాబుకు కావాల్సిన తెలివిడి ఆటలోనే దొరుకుతుందా, లేక ఆటగాడి ఊరి మీద, చదువు మీద ఆధారపడిందా? జవాబు చెప్పాక "ఎందుకు?" అని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలరా? పాత్ర ఆ పని నిజంగా చేస్తుందా? మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. మన పిల్ల మజ్జిగ పారబోయదు. అది ఆమె స్వభావం, చిక్కు కూడా ఆ స్వభావం నుంచే పుట్టింది.

మాట మీద ఆడే చిక్కులతో మరీ జాగ్రత్త. 1991 నాటి మంకీ ఐలాండ్ రెండో భాగంలో ఒక నీటి పంపును తిప్పాలి, అందుకు కోతిని పానాగా వాడాలి. ఇంగ్లిష్‌లో 'మంకీ రెంచ్' అని ఒక రకం పానా ఉంది, చమత్కారం అందులోనే ఉంది. ఆ మాట తెలియని వాళ్లకు, వేరే భాషల్లో ఆడిన వాళ్లకు ఆ చిక్కులో తలా తోకా కనిపించలేదు. మీరు తెలుగువాళ్ల కోసం తెలుగులో చేస్తుంటే తెలుగు మాటతో ఆడుకోవచ్చు, అది చాలా అందంగా ఉంటుంది కూడా. కానీ తెలంగాణలో ఒక మాట, కోస్తాలో ఒక మాట, రాయలసీమలో ఇంకొకటి. గరిగె అన్న పేరే అందరికీ తెలియదు. అందుకే మామ్మగారి చేత ఒకసారి "బావిలో పడ్డవి తీసే కొక్కేలు" అనిపించండి.

నియమాలను మధ్యలో మార్చకండి. 1996 నాటి 'బ్రోకెన్ స్వోర్డ్'లో మేక కాపలా ఉండే చోటు ఒకటి ఉంది. అప్పటి దాకా తీరిగ్గా ఆలోచించి ఆడిన ఆట, అక్కడ మేక కథానాయకుడిని కింద పడేసిన వెంటనే చటుక్కున పరుగెత్తి క్లిక్ చేయమంటుంది. ఈ ఆటలో వేగం కూడా లెక్కేనని ఆటగాడికి ఎవరూ చెప్పలేదు. ఎంతోమంది అక్కడే ఆగిపోయారు.

అడుగు 5: బావి ముందు, గరిగె తర్వాత

తాళం చూశాక తాళంచెవి దొరికితే ఆనందం. తాళం కనపడక ముందే తాళంచెవి సంచిలో ఉంటే అది ఒక బరువు. ఆటగాడు అవసరం తెలియకుండానే కనపడినవన్నీ ఏరుకుంటూ పోతే చిక్కు విప్పడం పోయి మూటలు మోయడం మిగులుతుంది. అందుకే ఉయ్యాల తాడును మొదటే విప్పనివ్వకండి. విప్పబోతే "ఊరికే ఎందుకు విప్పడం? తమ్ముడు ఏడుస్తాడు" అనాలి పిల్ల. బావి చూసొచ్చాక అదే క్లిక్‌కు ఒప్పుకోవాలి.

అడుగు 6: ఆటగాడిని గోతిలో పడేయకండి

పాత రోజుల్లో అడ్వెంచర్ గేమ్ అంటే చావు. సియెర్రా సంస్థ 'కింగ్స్ క్వెస్ట్ 5'లో ఒక పిల్లి ఎలుకను తరుముతుంది. అప్పుడు ఎలుకను కాపాడకపోతే, చాలాసేపటి తర్వాత మీరు బందీ అయినప్పుడు తాళ్లు కొరికి విడిపించేవాళ్లు ఉండరు. అదే ఆటలో పిండివంట ఒకటి ఉంటుంది. ఆకలేసి తినేస్తే, మంచుకొండల్లో మీద పడే రాక్షసుడి ముఖం మీద విసరడానికి ఏమీ ఉండదు. పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా తెలియదు. గంటల కొద్దీ ఆడింది వృథా.

రాన్ గిల్బర్ట్ 1987 నాటి మేనియాక్ మాన్షన్‌లో కూడా ఇలాంటి దారి మూసుకుపోయే చోట్లు ఉన్నాయి. 1989లో ఆయన అడ్వెంచర్ గేమ్‌లు ఎందుకు విసిగిస్తున్నాయో ఒక వ్యాసం రాసి, మరుసటి ఏడు మంకీ ఐలాండ్‌లో చేసి చూపించారు. అందులో గైబ్రష్ చనిపోయే చోటు ఒక్కటే. నీటి అడుగున పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని చెప్పుకునేవాడిని నిజంగానే పది నిమిషాలకు పైగా అక్కడే ఉంచేస్తే పోతాడు.

మీ పటం తీసి, ప్రతి వస్తువు దగ్గరా "దీన్ని తప్పుగా వాడేస్తే?" అని అడగండి. చెంబు మామ్మగారి దగ్గర పెట్టాక మళ్లీ కావాల్సి వస్తుందా? తాడు బావిలో జారిపోగలదా? ఎక్కడైనా దారి మూసుకుపోతుంటే ఇంకో దారి తెరవండి, లేదా ఆ తప్పు జరగకుండా పాత్రే ఆపాలి. భయం లేనప్పుడే ఆటగాడు పిచ్చి ప్రయత్నాలు చేస్తాడు, సరదా అంతా ఆ పిచ్చి ప్రయత్నాల్లోనే ఉంది.

అడుగు 7: క్లిక్, దాని తెలుగు

తొలి రోజుల్లో కమాండ్లు టైపు చేసేవారు. మేనియాక్ మాన్షన్ వాటిని తెర అడుగున క్రియల పట్టీగా మార్చింది: తెరువు, ఇవ్వు, లాగు, వాడు... ఆ తర్వాత క్రియలు తగ్గుతూ వచ్చాయి. బినీత్ ఎ స్టీల్ స్కైలో ఎడమ క్లిక్ చూడటానికి, కుడి క్లిక్ చేయడానికి. 1997 నాటి 'ది కర్స్ ఆఫ్ మంకీ ఐలాండ్'లో నొక్కి పట్టుకుంటే చెయ్యి, కన్ను, నోరు చేసే పనులకు మూడు బొమ్మలు వస్తాయి.

తెలుగులో చేసేవాళ్లకు ఇక్కడ మన భాషకే సొంతమైన ఒక చిక్కు ఉంది. ఇంగ్లిష్ ఆటల్లో ముందు క్రియ, తర్వాత వస్తువు పేరు వస్తాయి కాబట్టి కంప్యూటర్ ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన పెడితే వాక్యం అయిపోతుంది. మనకు క్రియ చివర వస్తుంది, పేరుకు విభక్తి అంటుకుంటుంది, పేరే మారిపోతుంది. "రాయి"కి "తో" తగిలిస్తే "రాయితో" అని చదవగలం కానీ "రాతితో" అన్నంత సహజంగా ఉండదు. నెయ్యి "నేతిలో" అవుతుంది, గొయ్యి "గోతిలో" అవుతుంది, నుయ్యి "నూతిలో" అవుతుంది. యంత్రం అతికించిన వాక్యాలు తెర మీద కనిపించిన ప్రతిసారీ ఆట పరాయిదిగా అనిపిస్తుంది. దీనికి రెండు దారులు. ప్రతి వస్తువుకూ "ను, తో, లో, కు" రూపాలు నాలుగూ విడిగా చేత్తో రాసి పెట్టుకోవడం ఒకటి. వాక్యం పట్టీ తీసేసి చెయ్యి, కన్ను, నోరు బొమ్మలతో సరిపెట్టడం రెండోది. తొలి ఆటకు నేను రెండోదే చెబుతాను.

క్లిక్ చేయగలిగినవి కనపడాలి. గడ్డిలో రెండు చుక్కలంత సూది వెతికించడం తెలివికి పరీక్ష కాదు, కంటికి శిక్ష. ఒక బటన్ నొక్కితే క్లిక్ చేయదగ్గవన్నీ ఒక్క క్షణం మెరిసేలా పెట్టండి. ఫోన్లలో ఆడతారు కాబట్టి ప్రతి వస్తువు చుట్టూ బొటనవేలు పట్టేంత చోటు వదలండి. రెండుసార్లు తడితే పాత్ర నడక మాని వెంటనే పక్క గదికి చేరాలి. ఇరుక్కున్న ఆటగాడు అవే గదులు ఇరవైసార్లు తిరుగుతాడు.

అడుగు 8: తప్పు ప్రయత్నానికీ మంచి మాట చెప్పండి

ఆటగాడు చేసే ప్రయత్నాల్లో ఎక్కువ భాగం తప్పులే. ప్రతిసారీ "అది కుదరదు" అంటే ఆట గోడతో మాట్లాడినట్టు ఉంటుంది. రాసేవాళ్ల ప్రేమ కనిపించేది ఇక్కడే.

సంచిలోని వస్తువులన్నీ అడ్డంగా, గదిలో ఉన్నవాటన్నిటినీ నిలువుగా ఒక పట్టికలో రాయండి. జనం తప్పకుండా ప్రయత్నించే గడుల్లో విడి జవాబులు నింపండి. చెంబును బావి మీద వాడితే: "నీళ్లొస్తాయి, గుత్తి రాదు." నిచ్చెనను బావి మీద వాడితే: "అమ్మమ్మ చూస్తే ఈ నిచ్చెనతోనే నన్ను కొడుతుంది." గరిగెను తమ్ముడికి ఇవ్వబోతే: "వీడి చేతికిస్తే ముందు వీణ్ణి తీయాల్సి వస్తుంది బావిలోంచి." చూడండి, మొదటి జవాబు నవ్వించడమే కాదు, సమస్య నీళ్లది కాదు, అడుగున ఉన్నదాన్ని పట్టుకోవడమని గుర్తు చేస్తోంది. తప్పుకు చెప్పే మాటే ఒప్పు వైపు వేలు చూపించాలి.

మాటలు ఆ ఇంటి మాటలై ఉండాలి. మామ్మగారు పిల్లను "ఏమే తల్లీ" అంటుంది, పిల్ల ఆమెను "మామ్మగారూ, ఇస్తారా?" అనే అడుగుతుంది. తమ్ముడితో "రా, పో". తాతయ్యకు "తాగు తాతయ్యా" సరిపోతుంది, చాలా ఇళ్లలో అదే చనువు. అందరి నోటా ఒకే పుస్తకాల భాష పెడితే పాత్రలన్నీ ఒకరే అయిపోతారు. రాశాక పైకి చదవండి, నోరు తిరగని చోట కత్తిరించండి. ఒక్కో మాట రెండు వరుసలు దాటనివ్వకండి.

అడుగు 9: సాయం మెట్లు మెట్లుగా

ఇప్పటి ఆటగాడు ఇరుక్కుంటే ఫోన్ తీసి జవాబు వెతుకుతాడు. ఒకసారి బయటికి వెళ్లాక "అరె" అనే అవకాశం పోయినట్టే. సాయం ఆటలోనే ఉండాలి. మెషినేరియంలో బల్బు నొక్కితే ఈ గదిలో లక్ష్యం ఏమిటో బొమ్మ రూపంలో తెలుస్తుంది. పూర్తి జవాబుల పుస్తకం కూడా ఉంది కానీ దానికి తాళం. చిన్న షూటింగ్ ఆట ఆడితేనే తెరుచుకుంటుంది. మన ఆటలో ఆ పని తాతయ్యకు అప్పజెప్పవచ్చు. మొదటిసారి అడిగితే: "లోపల చీకటి కదమ్మా." రెండోసారి: "ఎండ బయట దండిగా ఉంది. దాన్ని లోపలికి పంపే దారి చూడు." మూడోసారి: "మీ తమ్ముడి చేతిలో ఏముందో చూశావా?" మూడో మాటలో కూడా జవాబు పూర్తిగా లేదు, ఆఖరి అంగుళం ఆటగాడికే వదిలాం.

అడుగు 10: పనిముట్లు

అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ 1990ల చివరి నుంచి ఉంది, ఉచితం, ఈ రకం ఆటల కోసమే పుట్టింది. ఇంగ్లిష్‌లో చేయదలిస్తే నిశ్చింతగా అందుకోండి. తెలుగు అక్షరాలకు మాత్రం ఇంజిన్, అంటే ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్, ఒత్తులను, గుణింతాలను కలిపి చూపగలగాలి, కొన్ని ఇంజిన్లకు అది చేతకాదు. గొడో అనే ఇంజిన్ 4వ వెర్షన్ 2023లో వచ్చింది, భారతీయ లిపులను సరిగ్గా చూపుతుంది, అదీ ఉచితమే. దానికి పోపోచియు అనే ఉచిత ప్లగిన్ (అదనపు భాగం) జతచేస్తే గదులు, పాత్రలు, సంచి అన్నీ సిద్ధంగా దొరుకుతాయి. ఏది ఎంచుకున్నా మొదటి రోజే, బొమ్మలేవీ వేయకముందే "స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, వస్త్రం" అని తెర మీద చూపించి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన నిలబడితే ఇంజిన్ మార్చడానికి అదే మంచి రోజు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. ఒత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఖాళీ వదలండి.

బొమ్మలు మొదట పెన్సిలు గీతలే చాలు. ఆట మొత్తం ఆ గీతలతో ఒకసారి ఆడేలా తయారు చేశాకే రంగుల జోలికి వెళ్లండి. రంగులేసిన గదిని తీసేయడానికి చేయి రాదు, గీతల గదిని చెరిపేయడానికి నిమిషం పట్టదు.

అడుగు 11: పక్కన కూర్చోండి, నోరు మెదపకండి

గీతల ఆట సిద్ధమయ్యాక ఐదుగురిని ఒక్కొక్కరిగా పిలవండి. ఇద్దరు ఇలాంటి ఆటలు ఎప్పుడూ ఆడనివాళ్లు అయి ఉండాలి. ఒకరు అరవై దాటినవాళ్లయితే ఇంకా మంచిది. మనసులో అనుకునేది పైకి అంటూ ఆడమని చెప్పి, మీరు వెనక్కి జరిగి కూర్చోండి. వాళ్లు తప్పు దారిలో పోతుంటే చెప్పేయాలని ప్రాణం లాగుతుంది. చెప్పొద్దు. ఆట అమ్మాక ప్రతి ఇంట్లోనూ మీరు పక్కన కూర్చోలేరు.

మూడు సంగతులు రాసుకోండి. మీరు ఊహించని ఏ ప్రయత్నం చేశారు? ఇద్దరు ఒకే తప్పు చేస్తే అక్కడ విడి జవాబు రాయాలి, ఆ తప్పు నిజంగా తెలివైనదైతే దాన్నే రెండో జవాబుగా ఒప్పుకోవాలి. ఎవరైనా అద్దానికి బదులు తళతళలాడే ఇత్తడి పళ్లెంతో ఎండను కొట్టాలని చూస్తే, కొట్టనివ్వండి. ఏ మాటను చదవకుండా దాటేశారు? అది పొడుగ్గా ఉన్నట్టు లెక్క. ఆలోచన మాని ప్రతిదాన్నీ ప్రతిదాని మీదా వాడటం ఎప్పుడు మొదలుపెట్టారు? ఆ క్షణానికి ముందు పది నిమిషాల్లో ఎక్కడో సూచన సరిపోలేదు.

అప్పుడు చిక్కును తేలిక చేయకండి, సూచనను పెంచండి. అద్దం ఎవరికీ తట్టకపోతే బావి దగ్గర "అద్దం కావాలి" అని రాయకండి. తమ్ముడి వెలుగు మచ్చను ఒకసారి పెరటి గోడ మీదుగా పాకించి, బావి గట్టు దాకా తీసుకొచ్చి, అక్కడ లోపలికి జారి మాయమయ్యేలా చేయండి. సరిదిద్దాక పాతవాళ్లను మళ్లీ పిలవకండి, వాళ్లకు జవాబు తెలిసిపోయింది. కొత్తగా ఇంకో ఐదుగురిని పిలిచి, మళ్లీ వెనక్కి జరిగి కూర్చోండి. గరిగె ఖాళీగా పైకి వచ్చాక వాళ్ల చూపు తెర మీద ఎటు తిరుగుతుందో గమనించండి. మీరేమీ చెప్పకుండానే అది తమ్ముడి వైపు తిరిగితే, ఇక రంగులు వేయడం మొదలుపెట్టవచ్చు.